ఏ ఊళ్లో ఎంత మిగులుతుంది?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి హైదరాబాద్‌లో పనిచేస్తుంటే మూలవేతనంలో 30 శాతం ఇంటి అద్దె భత్యంగా వస్తుంది. విజయవాడకో విశాఖపట్నానికో బదిలీ అయితే అది 20 శాతానికి దిగుతుంది. నర్సాపురం లాంటి పట్టణానికి వెళితే 10 శాతమే. 50 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్నవి ఎక్స్ తరగతి నగరాలు, 5 లక్షల నుంచి 50 లక్షల దాకా వై, మిగిలినవన్నీ జడ్. ఎక్స్ తరగతిలో దేశం మొత్తం మీద ఉన్నవి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, అహ్మదాబాద్, పుణె మాత్రమే. ఊరు మారితే బతుకు ఖర్చు మారుతుందని, ఆ తేడాలో పెద్ద వాటా అద్దెదేనని ప్రభుత్వం ఒప్పుకొని జీతంలోనే దానికి చోటు పెట్టింది.

ప్రైవేటు ఉద్యోగానికి ఇలాంటి పట్టిక లేదు. ఒకే కంపెనీ ఒకే రోజు చేర్చుకున్న ఇద్దరు ఫ్రెషర్లలో ఒకరిని బెంగళూరుకు, మరొకరిని విశాఖకు పంపినా ఆఫర్ లెటర్‌లో అంకె చాలాసార్లు ఒకటే ఉంటుంది. ఆ అంకెలోంచి ఊరు ఎంత తీసేసుకుంటుంది, ఎంత మిగులుస్తుంది, ఇక్కడ చేరితే రేపు ఇంకో ఉద్యోగానికి ఎన్ని దారులుంటాయి అన్న లెక్క ఆ కుటుంబమే వేసుకోవాలి. మొదటి రెండు ప్రశ్నలూ అందరూ అడుగుతారు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. పదేళ్ల తర్వాత తేడా చూపించేది మాత్రం ఎక్కువగా అదే.

ధరలను కొలిచే ఏర్పాటు లేకపోలేదు. సిమ్లాలోని లేబర్ బ్యూరో ప్రతి నెలా దేశంలోని 88 పారిశ్రామిక కేంద్రాల ధరలు సేకరించి పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీని ప్రకటిస్తుంది. ఉద్యోగుల డీఏ పెరిగేది దాన్ని బట్టే. అయితే ఆ సూచీ 2016 నాటి ధరలను 100గా తీసుకుని, ఒక్కో కేంద్రంలో అప్పటినుంచి ధరలు ఎంత పెరిగాయో చెబుతుంది. ఒక ఊరి సూచీ 140, ఇంకో ఊరిది 150 ఉందంటే రెండో ఊరు ఖరీదైనదని కాదు. అక్కడ పెరుగుదల ఎక్కువని మాత్రమే. ఇక పత్రికల్లో ఏటా కనిపించే అంతర్జాతీయ ర్యాంకుల సంగతి. ఉదాహరణకు మెర్సర్ సంస్థ ఇచ్చేది పరాయి దేశాల నుంచి వచ్చి ఉండే ఉద్యోగుల ఖర్చును న్యూయార్క్‌తో పోల్చి చెప్పే జాబితా. కూకట్‌పల్లిలో గది వెతుక్కునే కుర్రాడికి అది ఎందుకూ పనికిరాదు.

కాస్త దగ్గరగా వచ్చేది గృహ వినియోగ వ్యయ సర్వే. 2023-24లో తెలంగాణ పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 8,978 రూపాయలు, పల్లెల్లో 5,435. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 7,182, పల్లెల్లో 5,327. దేశం మొత్తం మీద ఈ సగటు పట్టణాల్లో 6,996, పల్లెల్లో 4,122. రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల ఖర్చు దాదాపు ఒకటే. పట్టణాల దగ్గరకు వచ్చేసరికి దారులు వేరయ్యాయి. తెలంగాణ పట్టణ జనాభాలో సింహభాగం హైదరాబాద్, దాని చుట్టుపక్కలే ఉండటం ఇందుకు ప్రధాన కారణం. ఆంధ్రప్రదేశ్‌లో అంత బరువున్న నగరం ఒక్కటీ లేదు. విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, తిరుపతి తలా కొంత పంచుకుంటాయి. ఖర్చు ఎక్కువగా ఉండటానికి ధరలే కాదు, ఆదాయాలు ఎక్కువగా ఉండటమూ కారణమే. పైగా సొంతింట్లో ఉండేవారి అద్దెను ఈ సర్వే లెక్కలోకి తీసుకోదు. కాబట్టి కొత్తగా ఊళ్లోకి వచ్చి అద్దెకు దిగే మనిషి భారం ఈ సగటుకన్నా ఎక్కువే.

ఆఫర్ లెటర్ నుంచి చేతికి

మూడున్నర లక్షల ప్యాకేజీ అన్న మాట తెలుగు ఇళ్లలో పదేళ్లకు పైగా వినిపిస్తోంది. పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీలు ఫ్రెషర్లకు ఇచ్చే మొత్తం అక్కడక్కడే తిరుగుతోంది. ఈ లోపు అద్దెలు, హాస్టల్ ఫీజులు, పాలు, నూనె ఏవీ పాత ధరల దగ్గర ఆగలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లల అసలు కష్టం ఇదే. దాన్ని వాళ్ల దుబారా కింద కొట్టిపారేయడం అన్యాయం.

ఏడాదికి 3,60,000 సీటీసీ అంటే నెలకు 30,000. ఇందులో కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్ ఉంటుంది. 15,000 వేతన పరిమితి ప్రకారం 12 శాతం లెక్కన అది 1,800. మూలవేతనం 15,000 అయితే గ్రాట్యుటీ కింద మరో 720 రూపాయలు. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఇంకొంత. ఇవేవీ నెల నెలా చేతికి వచ్చేవి కావు. మిగిలిన 27,000లోంచి ఉద్యోగి వంతు పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. చివరికి బ్యాంకులో పడేది 25,000 చుట్టుపక్కల. వేరియబుల్ పే కూడా సీటీసీలో కలిపి ఉంటే ఇంకా తక్కువ. ఆదాయపు పన్ను బెడద మాత్రం ఈ స్థాయిలో లేదు. కొత్త విధానంలో 2025-26 నుంచి ఏడాదికి 12 లక్షల దాకా పన్ను కట్టనక్కర్లేదు, జీతగాళ్లకు ప్రామాణిక తగ్గింపుతో కలిపి 12.75 లక్షల దాకా. అద్దె రసీదులు పెట్టి పన్ను మినహాయింపు పొందడం పాత విధానంలోనే కుదురుతుంది. అందుకే కొత్త ఉద్యోగికి ఆ రసీదులతో ఇప్పుడు పెద్దగా పనిలేదు.

25,000తో హైదరాబాద్‌లో ఒంటరిగా బతకడం ఎలా ఉంటుందో ఎస్సార్‌నగర్‌లోనో కేపీహెచ్‌బీలోనో ఒక త్రీ షేరింగ్ గదిలోకి వెళితే తెలుస్తుంది. మూడు ఇనుప మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య అడుగు జాగా. మంచం కింద సూట్‌కేసు, గోడకున్న మేకుకు ఆఫీసు బ్యాగు, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాళ్లు. ఒక ప్లగ్ పాయింటుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి మూడు చార్జర్లు, ఒక లాప్‌టాప్. గీజరు పొద్దున కొన్ని గంటలే. మూడు పూటలా భోజనం అని బోర్డు మీద ఉన్నా ఆఫీసుకు వెళ్లేవాళ్లకు మధ్యాహ్నం తిండి బాక్సులో కట్టుకుంటేనే దక్కేది. ఆదివారం కోడికూర. ఇంతకీ ఇలాంటి పడకకు నెలకు 6,000 నుంచి 8,000; గచ్చిబౌలి, కొండాపూర్ వైపు 10,000 దాకా. ఫోన్ బిల్లు, ప్రయాణం, బయటి టిఫిన్లు, నెలకోసారి ఊరికి బస్సు టికెట్టు కలిపితే ఇంకో 8,000. ఇంటికి 5,000 పంపితే మిగిలేది నాలుగైదు వేలు. చదువు అప్పు కిస్తీ ఉన్నవాళ్లకు అదీ ఉండదు. బెంగళూరు మారతహళ్లి పీజీలో ఇదే పడక రెండు మూడు వేలు ఎక్కువ. విశాఖలో కుటుంబంతోనే ఉండి మధురవాడ ఆఫీసుకు వెళ్లే కుర్రాడికి అదే 25,000లో సగానికి పైగా మిగులుతుంది. ఒకే జీతం మీద ఊరు చూపించే తేడా ఇంత పెద్దది.

అద్దె, దూరం, నీళ్లు

పెళ్లయి ఇల్లు తీసుకునే దశకు వస్తే అద్దె ఒక్కటే మొత్తం లెక్కను శాసిస్తుంది. హైదరాబాద్‌లో ఈ విషయంలో తూర్పు, పడమర రెండు వేరు ఊళ్లు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టిందీ అదే ఏడాది. ఆ తర్వాత పాతికేళ్లలో ఆఫీసులన్నీ హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అంటూ పడమటి వైపే జరుగుతూ వెళ్లాయి. మధ్యతరగతి జనావాసాలు మాత్రం దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం, ఉప్పల్, మల్కాజిగిరి వైపు ముందే ఏర్పడి ఉన్నాయి. ఈ ఎడం తెచ్చిన ఫలితమే అద్దెల తేడా. కొండాపూర్, గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీల్లో రెండు పడకగదుల ఇంటికి నెలకు 35,000 దాటడం మామూలు. ఉప్పల్, వనస్థలిపురం అపార్ట్‌మెంట్లలో అదే కొలత ఇల్లు అందులో సగానికే దొరుకుతుంది.

సగం అద్దెకు దూరంగా ఉండటం లాభమా కాదా అన్నది ప్రయాణాన్ని బట్టి తేలుతుంది. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది కాబట్టి ఉప్పల్ వాసి గంటలోపే హైటెక్ సిటీలో దిగుతాడు. కానీ మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు ఉన్నవాళ్లు అక్కడినుంచి షేర్ ఆటోనో క్యాబో బస్సో పట్టుకోవాలి. చివరి ఆ పది కిలోమీటర్ల ఖర్చు, సమయం కొన్నిసార్లు మెట్రో ప్రయాణం మొత్తాన్ని మించిపోతాయి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు 5 రూపాయల టికెట్టుతో మొదలై 15తో ఆగిపోయే అతి చవక ప్రయాణం. సర్వీసులు తక్కువ కావడంతో వాటిని నమ్ముకుని ఆఫీసు వేళలు పెట్టుకోవడం కష్టం. రైళ్లు పెంచి, చివరి మైలుకు బస్సులు నడిపితే వేలాది కుటుంబాలకు అద్దెలోనే మిగులు కనిపిస్తుంది. ఈ విషయంలో నగరం ఇన్నేళ్లుగా చూపిన అలసత్వానికి ఉద్యోగులే తమ జేబులోంచి చెల్లిస్తున్నారు.

బెంగళూరులో అద్దె కన్నా ముందు అడ్వాన్సు భయపెడుతుంది. హైదరాబాద్‌లో రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇస్తే సరిపోతుంది. బెంగళూరులో పది నెలల ఆచారం చాలాకాలం నడిచింది. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకు దిగినా పోలేదు. 25,000 అద్దె ఇంటికి పది నెలలంటే రెండున్నర లక్షలు. వడ్డీ రాని డబ్బు. దాన్ని 12 శాతం వడ్డీకి పర్సనల్ లోన్‌గా తెచ్చి కడితే నెలకు 2,500 వడ్డీయే. అంటే కాగితం మీద 25,000 అద్దె నిజానికి 27,500. ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చంటూ ఒక నెల అద్దె కోత పెట్టడం అక్కడ మామూలే. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదంది. రాష్ట్రాలు దాన్ని చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. తమిళనాడు చట్టం వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలలు అంటుంది. ఆ వేరే ఒప్పందం అన్న వెసులుబాటు ఇంటి యజమానులకే ఎక్కువగా కలిసొస్తుంది.

నీళ్ల ఖర్చు అద్దె ఒప్పందంలో కనిపించదు, మెయింటెనెన్స్ బిల్లులో కనిపిస్తుంది. 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు ఎండిపోయాయి. 2024 వేసవిలో బెంగళూరు తూర్పు శివార్లలో బోర్లు ఎండి ట్యాంకరు ధరలు ఎక్కడికో పోవడంతో ప్రభుత్వమే రేట్లు నిర్ణయించాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ నీళ్లు వచ్చాక అక్కడ కొంత ఊరట. హైదరాబాద్‌లో మీటరున్న ఇళ్లకు నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితం. అయినా పడమటి వైపు పెద్ద అపార్ట్‌మెంట్లు వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తూనే ఉంటాయి. ఐటీ ఆఫీసులకు దగ్గరని ఎక్కువ అద్దె ఇచ్చే చోటే నీళ్లకూ ఎక్కువ పెట్టాల్సి రావడం బెంగళూరు, హైదరాబాద్ రెండింటిలోనూ కనిపించేదే.

తిండి, బస్సు

కూరగాయలు, బియ్యం ధరల్లో దక్షిణాది నగరాల మధ్య తేడా పెద్దగా ఉండదు. పెట్రోలులో ఉంటుంది. రాష్ట్రాల పన్నుల తేడా వల్ల 2025లో లీటరు చెన్నైలో 101 రూపాయలు, బెంగళూరులో 103, హైదరాబాద్‌లో 107, విజయవాడలో 109 చుట్టూ ఉంది. రోజూ 40 కిలోమీటర్లు బండి మీద తిరిగే ఉద్యోగికి చెన్నై, విజయవాడల మధ్య తేడా నెలకు 200 కన్నా ఎక్కువ కాదు. జనం గట్టిగా చర్చించుకునే ఈ ధర, ఎవరూ పెద్దగా మాట్లాడని అడ్వాన్సు ముందు చాలా చిన్నది.

అసలు తేడా తెచ్చినవి రెండు: సర్కారీ క్యాంటీన్లు, ఆడవాళ్లకు ఉచిత బస్సు. చెన్నైలో 2013లో మొదలైన అమ్మ ఉణవగంలో ఇడ్లీ రూపాయి, సాంబారన్నం 5, పెరుగన్నం 3. హైదరాబాద్‌లో 2014 నుంచి 5 రూపాయల భోజనం ఉంది. బెంగళూరు ఇందిరా క్యాంటీన్లు 2017లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి, అక్కడా పూటకు 5 రూపాయలే. కోచింగ్ కోసం అశోక్‌నగర్, చిక్కడపల్లి చుట్టూ ఏళ్ల తరబడి గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఈ 5 రూపాయల ప్లేటు నెల బడ్జెట్‌నే మార్చేస్తుంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం తమిళనాడు సాధారణ టౌన్ బస్సుల్లో 2021 మేలో, కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. నెలకు 12,000 వచ్చే సేల్స్ ఉద్యోగం కోసం రోజుకు 60, 70 రూపాయలు బస్సుకు పెట్టలేక ఇంటి దగ్గరే తక్కువ జీతానికి సర్దుకున్న ఆడవాళ్లు ఎందరో. ఆ చార్జీ పోయాక వాళ్లు పని వెతుక్కోగల ఊరే పెద్దదైంది. దీన్ని ఉచితాల జాబితాలో పడేసి వదిలేయకూడదు. ఉద్యోగావకాశం అంటే ఇదీ.

రెండో ఉద్యోగం

మొదటి ఉద్యోగం ఊరిని ఎంచుకోనివ్వదు, కంపెనీ పంపిన చోటికి వెళ్లాలి. ఊరి బలం తెలిసేది రెండో ఉద్యోగం దగ్గర. ఇల్లు మారకుండా, పిల్లల బడి మారకుండా ఇంకో కంపెనీకి మారగలిగితే మనిషి జీతం పెరుగుతుంది. ఊళ్లో ఒకే పెద్ద యజమాని ఉంటే ఇచ్చినంతే పుచ్చుకోవాలి. చవకైన ఊళ్లన్నీ మంచి ఊళ్లు కాకపోవడానికి కారణం ఇదే. 30 శాతం తక్కువ ఖర్చు బాగానే కనిపిస్తుంది, కానీ ఉన్న ఒక్క ఉద్యోగం పోతే ఆ మిగులు ఆరు నెలల్లో హరించుకుపోతుంది.

ఈ కొలతలో బెంగళూరుది దక్షిణాదిలో మొదటి స్థానం. దానికి పునాది ఐటీ కాదు. 1909లో వచ్చిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, 1940లో హెచ్‌ఏఎల్, ఆ తర్వాత ఐటీఐ, హెచ్‌ఎంటీ, బీఈఎల్ తయారు చేసిన ఇంజినీర్ల ఊరది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అక్కడికే రావడానికి ఆ మనుషులే కారణం. అందుకే చిప్ డిజైన్, ఏరోస్పేస్, స్టార్టప్‌లలో పనిచేసేవారికి అక్కడ దొరికినన్ని తలుపులు వేరే చోట లేవు. అనంతపురం, చిత్తూరు, కడప పిల్లలకు హైదరాబాద్ కన్నా అదే దగ్గర. అద్దె, అడ్వాన్సు, ట్రాఫిక్ అన్నీ భరించి అక్కడికే వెళ్లడంలో వాళ్ల లెక్క తప్పు కాదు. 2025 ఆగస్టులో ఎల్లో లైన్ తెరుచుకుని ఎలక్ట్రానిక్స్ సిటీకి మెట్రో చేరింది. అదే ఏడాది ఫిబ్రవరిలో గరిష్ఠ టికెట్టు 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది కూడా.

హైదరాబాద్‌కూ ఐటీ ముందునాటి చరిత్ర ఉంది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ ఫ్యాక్టరీలో అనుభవం సంపాదించినవాళ్లు ఊరంతా మందుల కంపెనీలు పెట్టారు. 1999లో జీనోమ్ వ్యాలీ వచ్చింది. ఈసీఐఎల్, బీడీఎల్, డీఆర్‌డీవో ప్రయోగశాలల చుట్టూ రక్షణ రంగపు చిన్న పరిశ్రమలు పుట్టాయి. అంటే బీఫార్మసీ, కెమిస్ట్రీ, మెకానికల్ చదివిన పిల్లలకూ ఈ ఊళ్లో రెండో ఉద్యోగం దొరుకుతుంది. ఐటీ కొలువులు తెలంగాణలో 2013-14లో 3.23 లక్షలు; 2022-23 నాటికి 9.05 లక్షలు. బహుళజాతి కంపెనీలు సొంత పనికోసం పెట్టుకునే కేంద్రాలు దేశంలో 2024 నాటికి 1,700 దాటాయి, వాటిలో 19 లక్షల మంది పనిచేస్తున్నారు. వాటిలో బెంగళూరు తర్వాతి పెద్ద వాటాల్లో ఒకటి హైదరాబాద్‌దే. సర్వీసుల కంపెనీలో మూడేళ్లు చేసి ఈ కేంద్రాల్లోకి మారినప్పుడే ఆ మూడున్నర లక్షల జీతం ఒక్కసారిగా రెట్టింపవుతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి గచ్చిబౌలి ఆఫీసుల దాకా మొత్తం ఊరు ఈ మార్పు చుట్టూ తిరుగుతోంది.

చెన్నై గురించి తెలుగు కుటుంబాలు ఈ మధ్య తక్కువగా ఆలోచిస్తున్నాయి. అది పొరపాటు. డిప్లొమా, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివినవారికి శ్రీపెరుంబుదూర్, ఒరగడం చుట్టూ ఉన్నన్ని కార్ల, విడిభాగాల, ఫోన్ల ఫ్యాక్టరీలు వేరే దక్షిణాది నగరంలో లేవు. ఆ బలం సరిహద్దు దాటి శ్రీసిటీకి వచ్చింది. చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, ఆంధ్రప్రదేశ్ గడ్డ మీద ఇసుజు, ఆల్‌స్టామ్, ఫాక్స్‌కాన్ లాంటివి పనిచేస్తున్నాయి. సూళ్లూరుపేట దాకా చెన్నై లోకల్ రైలు నడుస్తుంది. తడ, సూళ్లూరుపేటల్లో చిన్న పట్టణపు అద్దెకు ఉండి ఫ్యాక్టరీ జీతం తీసుకునే వీలు, అవసరమైతే రైలెక్కి చెన్నైలో ఇంకో ఉద్యోగం చూసుకునే వీలు రెండూ ఉన్న అరుదైన చోటు ఇది.

విశాఖ, విజయవాడ

విశాఖది ఇప్పటిదాకా ప్రభుత్వ రంగపు కథ. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, నేవీ, ఉక్కు కర్మాగారం నిలకడైన జీతాలిచ్చాయి. ఒక్క ఉక్కు కర్మాగారం కష్టాల్లో పడితే గాజువాకలో కిరాణా కొట్టు దాకా ఆ దెబ్బ తగిలింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. పరవాడ ఫార్మా సిటీలో కెమిస్టులకు, అచ్యుతాపురం బ్రాండిక్స్‌లో వేలాది ఆడవాళ్లకు పని ఉంది. ఇన్ఫోసిస్ 2023లో ఆఫీసు తెరిచింది. 2025లో టీసీఎస్‌కు 99 పైసలకే 21 ఎకరాలకు పైగా కేటాయించారు. ఆ అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ ప్రకటించింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డేటా సెంటర్ కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, కట్టాక నడపడానికి కావలసింది ఆఫీసు క్యాంపస్‌తో పోలిస్తే చాలా తక్కువ మంది. రేపటి ఉద్యోగాల సంఖ్య డాలర్ల సంఖ్యతో పాటు పెరగదు. కానీ ఆ వార్తతో భూమి ధర మాత్రం అదే రోజు పెరుగుతుంది. ఒకవైపు సముద్రం, మూడువైపులా కొండలున్న ఊరికి పెరగడానికి నేల తక్కువ. ఉద్యోగాలకన్నా ముందు అద్దెలు పెరిగితే విశాఖకున్న అసలు మేలు, అంటే తక్కువ ఖర్చు, చేజారిపోతుంది.

విజయవాడలో ఈ అనుభవం ఇప్పటికే ఉంది. 2016లో వెలగపూడిలో తాత్కాలిక సచివాలయం పనిచేయడం మొదలైనప్పుడు ఊరి అద్దెలు ఎగబాకాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఉద్యోగులకు వారానికి ఐదు పనిదినాలు ఇచ్చారు. చాలామంది శుక్రవారం సాయంత్రం రైలెక్కి హైదరాబాద్ వెళ్లి సోమవారం తిరిగొచ్చేవారు, కారణం భార్యో భర్తో అక్కడ ఉద్యోగంలో ఉండటం, పిల్లల చదువు అక్కడే సాగడం. ఇద్దరు సంపాదించే కుటుంబానికి ఊరు ఎంచుకోవడం ఎంత కష్టమో ఆ రైళ్లు చూపించాయి. ఒకరికి పదోన్నతితో వచ్చే 20,000 కన్నా రెండోవారు వదులుకునే 40,000 పెద్దది. దంపతులిద్దరికీ పని దొరికే ఊళ్లు తెలుగు నేల మీద నిజానికి రెండు మూడుకు మించి లేవు. వరంగల్ మడికొండ ఐటీ పార్కు, గీసుగొండ మెగా టెక్స్‌టైల్ పార్కు ఆ దారిలో తొలి అడుగులే.

సముద్రాల అవతల

అమెరికాలోనూ ఈ లెక్క మారదు, అంకెలే మారతాయి. హెచ్-1బీ వీసాకు కంపెనీ చూపాల్సిన కనీస వేతనం ప్రాంతాన్ని బట్టి, నాలుగు స్థాయిలుగా ఉంటుంది. బే ఏరియాకు ఒకటి, డల్లాస్‌కు ఒకటి. కాలిఫోర్నియా రాష్ట్ర ఆదాయపు పన్ను పైస్థాయిలో 13.3 శాతం దాకా వెళుతుంది, టెక్సాస్‌లో ఆ పన్నే లేదు. ఇళ్ల మీద ఆస్తి పన్ను మాత్రం టెక్సాస్‌లో గట్టిగా ఉంటుంది. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లానోలలో తెలుగువాళ్లు ఇంతగా పెరగడానికి ఇల్లు కొనగలగడమే పెద్ద కారణం. గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, నిజామాబాద్ కార్మికుడి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది: గది కంపెనీది, ఆదాయపు పన్ను లేదు, కాబట్టి జీతంలో ఇంటికి పంపగలిగే వాటా ఎక్కువ. కానీ వీసా కోసం ఏజెంటుకు కట్టిన అప్పు, దాని వడ్డీ తీరేదాకా ఆ వాటా కుటుంబానిది కాదు.

మళ్లీ హైదరాబాద్‌కు వస్తే, హైటెక్ సిటీ అద్దాల మేడల్లో హౌస్ కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ పనులు చేసేవాళ్లకు కంపెనీ ఏ ఊరి భత్యమూ ఇవ్వదు. శ్రీకాకుళం, పాలమూరు, ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన ఈ మనుషులు బోరబండ, మాదాపూర్ బస్తీల్లో ఒక్క గదిలో నలుగురు చొప్పున ఉంటారు. ఆఫీసుకు దూరంగా పోలేరు, పన్నెండు గంటల షిఫ్టు, తెల్లవారుజామున డ్యూటీ. దగ్గర్లో అద్దె పెరిగితే వాళ్లు తగ్గించుకోగలిగింది తిండి, లేదంటే ఊరికి పంపే డబ్బు. నగరం మీద ఆధారపడి బతికేవాళ్లలో అద్దె పెరుగుదల ముందుగా తగిలేది వీళ్లకే, లెక్కలోకి చివరగా వచ్చేదీ వీళ్లే. నెల వేతనం 21,000 దాకా ఉన్నవారికి ఈఎస్ఐ ఉంది, ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడితే కుటుంబమంతటికీ వైద్యం దొరుకుతుంది. 2017 జనవరిలో నిర్ణయించిన పరిమితి అది. హైదరాబాద్ లాంటి చోట ఇంక్రిమెంటు కలిసి సూపర్‌వైజర్ జీతం 21,500 అయితే, అప్పటి ఆరు నెలల చందా గడువు, దానికి వర్తించే లబ్ధి గడువు రెండూ ముగిశాక సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి కార్డు పనిచేయదు. పెరిగిన 500తో అతను ఆ తర్వాత భార్య ప్రసవానికీ తల్లి డయాలసిస్‌కూ ప్రైవేటు ఆసుపత్రి బిల్లు కట్టుకోవాలి.